మా సాహెబా చెరువు అంచు ఎక్కడ?

మాసబ్ ట్యాంక్ కూడలిలో నిలబడి ‘ఇక్కడ ట్యాంక్ ఎక్కడుంది?’ అని అడిగి చూడండి. ఫ్లైఓవర్ పక్కన బస్సు కోసం ఎదురుచూస్తున్న విద్యార్థి మొదట ఆశ్చర్యపోతాడు, తరువాత నవ్వుతాడు. ఆ పేరులో ఒక చెరువు ఉన్నదనీ, ఆ చెరువుకు ఒక తల్లి పేరు ఉన్నదనీ అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగంను ప్రజలు గౌరవంతో ‘మా సాహెబా’ అనేవారు. ఆమె పేరిట వెలసిన మా సాహెబా తలాబ్ జనం నోళ్లలో నలిగి మాసబ్ ట్యాంక్ అయిందని పెద్దలు చెప్పుకుంటారు. నేడు ఆ చెరువు లేదు. దాని గర్భంలో చాచా నెహ్రూ పార్కు ఉంది. చుట్టూ ఆస్పత్రులు, కళాశాలలు, ప్రభుత్వ కార్యాలయాలు, అపార్ట్‌మెంట్లు లేచాయి.

ఆ చెరువు నీరు ఎక్కడిదాకా నిలిచేది? ఎవరి ఇంటి పునాది పూడికమట్టిలో ఉంది, ఎవరిది గట్టి మొరం నేల మీద ఉంది? విజయనగర్ కాలనీలో, హుమాయూన్ నగర్‌లో, ఫస్ట్ లాన్సర్‌లో, ఏసీ గార్డ్స్‌లో తరతరాలుగా నివసిస్తున్న మన కుటుంబాలలో ఈ ప్రశ్నకు ఆధారంతో సమాధానం చెప్పగలవారు ఎందరున్నారు? ఇది కాలక్షేపపు ప్రశ్న కాదని 2024 సంవత్సరం మనకు నేర్పింది. ఆ సంగతికి తరువాత వస్తాము.

ఇదే మాసబ్ ట్యాంక్‌లో క్యాసిల్ హిల్స్ వద్ద ఖనిజ్ భవన్ ఉంది. 1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ, మనమందరం ఎన్‌ఎండీసీ అని పిలిచే సంస్థకు అది ప్రధాన కార్యాలయం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా కొండల ఇనుప ఖనిజానికీ, మధ్యప్రదేశ్‌లోని పన్నా వజ్రాల గనికీ సంబంధించిన నిర్ణయాలు మన ఇళ్లకు కూతవేటు దూరంలో జరుగుతున్నాయి. ఇదే నగరంలో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వారి శిక్షణా కేంద్రం ఉంది, బేగంపేటలో అణుఖనిజ అన్వేషణ సంస్థ ఉంది. భూమిని చదివే విద్యకు దేశంలో హైదరాబాద్‌ను మించిన ఊళ్లు ఎన్నో లేవు. అయినా మన పిల్లలు ఖనిజ్ భవన్ గేటు ముందు నుంచి నడిచి, బస్సెక్కి, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోవడానికి వెళ్తారు. ఇంటర్మీడియట్ ముగిసిన బిడ్డ ‘భూగర్భశాస్త్రం చదువుతాను’ అంటే, అదొక డిగ్రీ అని తెలిసిన తండ్రులు మన పేటల్లో ఎందరు?

ఎలాగో ఒకలా ఆ విభాగంలో చేరినవారి గురించే మేము ఇప్పుడు మాట్లాడదలచాము. ఎందుకంటే చేరడంతో సగం పని కూడా కాదు. ఆ చదువులో ఒక ఘట్టం వస్తుంది. అప్పటివరకు అధ్యాపకుడు చెప్పింది రాసుకున్న విద్యార్థి, ఇకపై తానే ఒక ప్రశ్నను ఎన్నుకుని, తానే నేల మీదికి వెళ్లి, తానే కొలిచి, తానే సమాధానం రాయాలి. దాన్ని స్వతంత్ర పరిశోధనా ప్రాజెక్టు అంటారు. ఎం.ఎస్సీ. విద్యార్థులకు ఇది పాతదే. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రకటించిన కొత్త చట్రం డిగ్రీ స్థాయిలోనూ దీనికి చోటిచ్చింది: మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు సాధించినవారు నాలుగో సంవత్సరంలో పరిశోధనతో కూడిన ఆనర్స్‌ను ఎంచుకోవచ్చు, అందులో పరిశోధనా ప్రాజెక్టుకు 12 క్రెడిట్లు. అన్ని విశ్వవిద్యాలయాలూ దీన్ని ఒకే తీరున అమలు చేయడం లేదు. కానీ దారి తెరుచుకుంది.

ఆ దారిలో మన పిల్లలు ఏం చేస్తున్నారు? చాలామంది కొనుక్కుంటున్నారు.

అమీర్‌పేట సంగతి తెలియనిదెవరికి? కోచింగ్ కేంద్రాల మధ్యనే ప్రాజెక్టులు తయారుచేసి ఇచ్చే దుకాణాలూ వెలిశాయి. ఇంజినీరింగ్ విద్యార్థికి అక్కడ కోడ్ దొరుకుతుంది, నివేదిక దొరుకుతుంది, వైవాలో ఏం చెప్పాలో కూడా నేర్పుతారు. భూగర్భశాస్త్రానికి అంత గిరాకీ లేదు కాబట్టి అందులో మోసం మరింత చవకగా సాగుతుంది. గత సంవత్సరపు సీనియర్ నివేదికను తీసుకుని, మండలం పేరు మార్చి, బావుల సంఖ్య కాస్త పెంచి, నల్ల అట్ట వేయించి బంగారు అక్షరాలు కొట్టిస్తే సరిపోతుంది. మన పిల్లలే ఇలా చేస్తున్నారని మేము అనడం లేదు. అందరూ చేస్తున్నారు, మనవారూ చేస్తున్నారు. అయితే అమానత్, ఖియానత్ అనే మాటల అర్థం తెలిసిన ఇంట్లో పెరిగినవారు చేస్తే మాకు ఎక్కువ బాధ కలుగుతుంది. కొలవని బావికి లోతు రాయడం అబద్ధపు సాక్ష్యం. రేపు ఆ నివేదికను నమ్మి ఎవరైనా ఆ ఊళ్లో బోరు వేయవచ్చు.

ఇక 2024 సంగతి. ఆ జులైలో రాష్ట్ర ప్రభుత్వం హైడ్రాను ఏర్పాటు చేసింది. చెరువుల పూర్తి నీటిమట్టపు గీత లోపల, అంటే ఎఫ్‌టీఎల్ లోపల ఉన్న కట్టడాల కూల్చివేతలు మొదలయ్యాయి. ఆ శరదృతువులోనే మూసీ తీరాన అధికారులు సర్వే జరిపి, ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. చాదర్‌ఘాట్ వద్ద మూసా నగర్, శంకర్ నగర్ బస్తీలలో కుటుంబాలు సామాన్లు మూట కట్టుకున్న దృశ్యాలను మన పాఠకులు మరచి ఉండరు. వారిలో దినకూలీలు, ఆటో డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు ఉన్నారు. మనవారు చాలామంది ఉన్నారు.

ఇక్కడ మేము జాగ్రత్తగా మాట్లాడవలసి ఉంది. చెరువులను పూడ్చివేయవచ్చని మేము అనము. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్న నగరం ఇది. ఆ విపత్తు తరువాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టవలసి వచ్చింది. వరద నేల మీద పేదవాణ్ణి నివసింపజేయడం అతనికి చేసే మేలు కాదు. మా ఆక్షేపణ వేరు. గీత గీసినవారి చేతిలో పటం ఉంది. గీత లోపల పడినవారి చేతిలో కరెంటు బిల్లు, ఆధార్ కార్డు తప్ప ఏమీ లేవు. మన నాయకులు ధర్నా చేశారు, న్యాయవాదులు స్టే కోసం పరుగెత్తారు. ‘ఈ గీతను ఏ ఆధారంతో గీశారు? ఈ మట్టి నిజంగా నదీగర్భపు మట్టేనా?’ అని శాస్త్రీయంగా అడగగలవారిని మేము వెతికాము. మన సముదాయంలో అటువంటివారు వేళ్ల మీద లెక్కించేంతమంది కూడా మాకు కనిపించలేదు.

అందువల్లనే మేము విద్యార్థి ప్రాజెక్టును చిన్న విషయంగా చూడలేకపోతున్నాము.

ఒక ఉదాహరణను ఊహిద్దాం. విజయనగర్ కాలనీలో ఉంటూ భూగర్భశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి మా సాహెబా చెరువు పాత అంచును గుర్తించడమే తన ప్రాజెక్టుగా ఎంచుకుంది. ఆమె ఏం చేయాలి? మొదట పాత పటాలు చూడాలి. 1908 వరద తరువాత, 1912 ప్రాంతం నుంచి నగరమంతటినీ సవివరంగా కొలిపించిన మున్సిపల్ సర్వే ఉంది. దాన్ని పర్యవేక్షించిన లెనార్డ్ మన్ ఎవరనుకున్నారు? నిజాం ప్రభుత్వపు గనుల, భూగర్భ సర్వే అధికారి. అంటే ఈ నగరపు వీధివీధినీ పటంలోకి ఎక్కించినవాడు రాళ్లు చదివినవాడే.

పటం తరువాత నేల. నగరంలో నేల ఎక్కడ కనిపిస్తుందని అడగవచ్చు. ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది. కొత్త అపార్ట్‌మెంటు కోసం పునాది గొయ్యి తవ్విన ప్రతిచోటా భూమి కొన్ని రోజులపాటు తన పుస్తకం తెరిచి ఉంచుతుంది. హైదరాబాద్ అడుగున ఉన్నది దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్. అది శిథిలమైతే ఎర్రని, గరుకైన మొరం అవుతుంది. గొయ్యి గోడలో పై నుంచి కింది దాకా మొరమే కనిపిస్తే అది మెట్టనేల. దాని మీద నల్లని, మెత్తని, జిగట పూడికమట్టి పొర ఉంటే, అందులో నత్తగుల్లలు కనిపిస్తే, అక్కడ నీరు నిలిచిన కాలం ఒకటి ఉంది. ఆ పొర ఎక్కడ మందంగా ఉంది, ఎక్కడ పలచబడి మాయమైంది అన్నది నమోదు చేస్తూ పోతే చెరువు అంచు తానే బయటపడుతుంది. దీనికి ఒక కొలత టేపు, ఒక భూతద్దం, ఒక నోటు పుస్తకం, ఫోనులోని జీపీఎస్ చాలు. మేస్త్రీ అనుమతి కూడా కావాలి. అది కొన్నిసార్లు ప్రొఫెసర్ అనుమతి కంటే కష్టం.

మూడో ఆధారం మన ఇళ్లలోనే ఉంది. బోరు వేయించిన ప్రతి ఇంటివారికీ ఒక లెక్క గుర్తుంటుంది: కేసింగ్ ఎన్ని అడుగులు పడింది? కేసింగ్ పైపుకు అడుగు చొప్పున డబ్బు కట్టారు కాబట్టి ఇరవై ఏళ్లయినా ఇంటి ఇల్లాలు మరచిపోదు. వదులు మట్టి, మొరం ఉన్నంత లోతుకే కేసింగ్ దించుతారు; గట్టి రాయి తగలగానే ఆపేస్తారు. కాబట్టి ఆ అడుగుల లెక్క అక్కడి శిథిలపొర మందానికి దాదాపు కొలత. నలభై ఇళ్ల కేసింగ్ లెక్కలు తెచ్చి పటం మీద పెడితే ఆ పేట భూగర్భపు రూపం కనిపిస్తుంది. అయితే కేసింగ్ ఎక్కువ పడిన ప్రతిచోటా చెరువు ఉండేదని రాస్తే పొరపాటే. గ్రానైట్‌లో పగుళ్ల వెంట కూడా శైథిల్యం లోతుగా దిగుతుంది. మధ్యలో నల్లరాతి డైక్ అడ్డుపడితే లెక్క మారుతుంది. ఒక ఆధారాన్ని మరొక ఆధారంతో సరిచూడడం నేర్పేదే పరిశోధన.

ఇంతా చేశాక గీత ఎక్కడ తేలుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. అది ఒక పెద్ద సంస్థ ప్రహరీ లోపల తేలవచ్చు, మన బస్తీ మధ్యలోనూ తేలవచ్చు. అప్పుడు ఏం చేయాలి? తేలినచోటే రాయాలి. ఇది కఠినంగా వినిపిస్తుందని మాకు తెలుసు. హక్కుల పత్రికలో ఇలా రాయడం కొందరు మిత్రులకు నచ్చకపోవచ్చు. కానీ మనకు అనుకూలమైనప్పుడు మాత్రమే చూపించే పటాన్ని ఏ న్యాయస్థానమూ నమ్మదు. మనకు ప్రతికూలమైన గీతను కూడా దాచకుండా గీసిన చేయి, రేపు ‘ఈ ఇల్లు చెరువులో లేదు’ అని చెప్పినప్పుడు ఆ మాటకు బరువు ఉంటుంది. పైగా పేదవాని ఇల్లు గీత లోపల ఉన్నదని తేలితే అతని హక్కు అంతమైపోదు. ముందస్తు నోటీసు, పునరావాసం, పరిహారం అడిగే హక్కు అక్కడే మొదలవుతుంది.

చెరువు ఒక్కటే అంశం కాదు. నీటి మీద పనిచేయదలచినవారికి మహేశ్వరం మంచి పాఠం. నగరానికి దక్షిణాన ఉన్న ఆ వాటర్‌షెడ్‌లో, దాదాపు 53 చదరపు కిలోమీటర్ల గ్రానైట్ నేలలో, జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వారు ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి ఏళ్ల తరబడి పనిచేశారు. ఏడు వందలకు పైగా బోర్లను లెక్కించారు. రాతినేలలో నీరు ఎక్కడ నిలుస్తుంది, ఎంత తోడితే ఎండిపోతుంది అన్నవి అక్కడ కొలిచి చెప్పారు. పరికరాలు పెద్దవే, మొదటి అడుగు మాత్రం బావి బావికీ నడవడమే. వర్షాలకు ముందు మే నెలలో ఒకసారి, వర్షాల తరువాత నవంబరులో ఒకసారి నీటిమట్టం కొలవడం ఏ విద్యార్థి అయినా చేయగల పని. నల్లగొండ బంధువులున్నవారు అక్కడి ఊళ్ల నీటిలో ఫ్లోరైడ్ పరీక్షించవచ్చు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోతే ఒకటిన్నర వరకు అనుమతించవచ్చు అన్నది జాతీయ ప్రమాణం. పళ్లు మచ్చలు పడిన, ఎముకలు వంగిన తాతల పక్కన కూర్చుని కూడా ఆ అంకెను ఎప్పుడూ చూడని కుటుంబాలు ఎన్నో.

ఇప్పుడు ఆడపిల్లల విషయం. దీన్ని దాటవేసి ముందుకు పోలేము. భూగర్భశాస్త్రంలో చేరిన మన అమ్మాయిలకు తరగతి గదిలో అడ్డు రాదు. క్షేత్రపర్యటన రోజున వస్తుంది. ‘రాళ్లు కొట్టడానికి కొండలెక్కుతావా? ఎవరితో వెళ్తావు? రాత్రి ఎక్కడ ఉంటావు?’ అబ్బాజాన్ అడిగే ఈ ప్రశ్నలను మేము వెటకారం చేయము. భద్రత గురించి అడగడం తండ్రి ధర్మం. కానీ ప్రశ్న అడిగి, సమాధానం వినకుండానే ‘వద్దు’ అనడం మాత్రం అన్యాయం. అలా వద్దన్న ఇళ్ల అమ్మాయిలే చివరికి గ్రంథాలయంలో కూర్చుని పాత నివేదిక చూసి రాసుకుంటారు. అంటే, బిడ్డను కొండ ఎక్కనివ్వని మనం ఆమెను నకలుకు నెట్టుతున్నాము.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మన పేటల్లో భూమిని కొలవడానికి అందరికంటే అర్హురాలు ఈ అమ్మాయే. మధ్యాహ్నం వేళ మగవారు పనికి వెళ్లిన ఇంటి తలుపు ఒక అపరిచిత యువకుడు తడితే తెరవరు. హిజాబ్ ధరించిన అమ్మాయి నోటు పుస్తకంతో వచ్చి ‘ఖాలా, మీ బోరుకు కేసింగ్ ఎంత పడింది?’ అని అడిగితే లోపలికి పిలిచి, చాయ్ ఇచ్చి, వెనుక వాకిట్లోని పాత బావి మూత కూడా తీసి చూపిస్తారు. ప్రభుత్వ సర్వేయరుకు దొరకని సమాచారం ఆమెకు దొరుకుతుంది. అలాగని మన అమ్మాయిలను పేట వాకిళ్లకే పరిమితం చేయమని మేము అనడం లేదు. 1983లో అంటార్కిటికాకు వెళ్లిన తొలి భారతీయ మహిళలలో ఒకరైన సుదీప్తా సేన్‌గుప్తా భూగర్భశాస్త్రవేత్తే. భూగర్భ గనుల్లో స్త్రీలు పనిచేయరాదన్న 1952 నాటి గనుల చట్టపు నిషేధం 2019లో సడలింది. పగటివేళ సాంకేతిక, పర్యవేక్షణ పనుల్లో వారు దిగడానికి అప్పుడు అనుమతి వచ్చింది. బైలడిలా కూడా మన బిడ్డదే. మొదటి అడుగు ఇంటి వీధిలో పడితే తండ్రికి ధైర్యం వస్తుందని మాత్రమే మా ఉద్దేశం. ఇక విశ్వవిద్యాలయాల బాధ్యత ఉంది: పర్యటనకు మహిళా అధ్యాపకులు తోడు రావాలి, బసను ముందే తెలియజేయాలి, ఇంటివారితో ఒకసారి మాట్లాడాలి. ఇవి చేయకుండా ‘మీ సమాజమే వెనక్కి లాగుతోంది’ అని తేల్చడం కూడా సరికాదు.

మనకు ఈ విద్య పరాయిది కాదని చెప్పడానికి అల్ బీరూనీని తలచుకోవడం మన ఉపన్యాసకులకు అలవాటు. తలచుకోదగినవాడే, ఉత్తర భారత మైదానం ఒకప్పుడు సముద్రమై, నదుల ఒండ్రుతో నిండిందని వెయ్యేళ్ల క్రితమే గ్రహించాడు. నేల గుండ్రాళ్లు కొండల దగ్గర పెద్దవిగా, దూరం పోయేకొద్దీ చిన్నవిగా ఉండడం చూసి ఆ నిర్ణయానికి వచ్చాడు. అంటే అతను తిరిగాడు, చూశాడు, పోల్చాడు. అంత దూరం పోనక్కరలేదు కూడా. 1930లలో హైదరాబాద్ రాష్ట్ర భూగర్భ చరిత్రను సంగ్రహంగా రాసిన ఖుర్షీద్ మీర్జా ఈ నగరం మనిషి. 1981లో భారతదేశపు తొలి అంటార్కిటికా యాత్రకు నాయకత్వం వహించిన సయ్యద్ జహూర్ ఖాసిం అలీగఢ్ విద్యార్థి. పేర్లు చెప్పుకుని గర్వపడడం సులభం; వారు నడిచినంత నడవడమే మనకు కష్టంగా ఉంది.

డబ్బు మాటకు వద్దాము. సచార్ కమిటీ 2006లో చెప్పిన మాట గుర్తుంది: దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒకరు, పోస్ట్ గ్రాడ్యుయేట్లు 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లింలు. పై మెట్టు ఎక్కేకొద్దీ మనం సగమైపోతున్నాము. ఆ పై మెట్టు కోసం ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో ఆపివేసింది. ఇతర పథకాలతో అతివ్యాప్తి అని కారణం చెప్పారు. దానిని పునరుద్ధరించమని అడుగుతూనే ఉండాలి. కానీ డిగ్రీ ప్రాజెక్టు దాని కోసం ఆగనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నది, మంచిదే. ఇక్కడే, ఇదే నేల మీద పరిశోధన చేసే విద్యార్థికి బస్సు చార్జీలు, నీటి పరీక్షల ఖర్చు, రాతి పలకలు కోయించే ఖర్చు ఇవ్వడానికి మైనారిటీ సంక్షేమ శాఖ ఒక చిన్న క్షేత్రనిధిని ఏర్పాటు చేయలేదా? ప్రభుత్వం చేయకపోతే మన సంఘాలు చేయగలవు. ముప్పై నీటి నమూనాల పరీక్షకు అయ్యే ఖర్చు మన వలీమా విందులలో కొన్ని బల్లల మీద మిగిలిపోయే బిర్యానీ విలువను మించదు.

మసీదు కమిటీలకు ఒక మనవి. వుజూ కోసం వేసిన బోరు, దాని పక్కన వాడుకలో లేని పాత బావి చాలా మసీదులలో ఉన్నాయి. నడుస్తున్న బోరులో మోటారు, పైపులు అడ్డం ఉంటాయి కాబట్టి టేపు దిగదు. మూతపడిన బావే విద్యార్థికి కావలసింది. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలిచి గోడ మీద ఒక పలకపై రాయించండి. ఐదేళ్లు గడిస్తే ఆ పేటకు భూగర్భజల చరిత్ర సిద్ధమవుతుంది. మాసబ్ ట్యాంక్ చుట్టుపక్కల పాత ఇళ్లవారికి మరొకటి. చెరువు నిండుగా ఉన్నప్పటి ఫొటో, బోరు వేయించినప్పటి రసీదు, ‘నీళ్లు ఫలానా మెట్టుదాకా వచ్చేవి’ అన్న నానీ మాట ఏదైనా మీ ఇంట్లో ఉంటే పారేయకండి. ఈ వేసవిలో ఎవరో ఒక అమ్మాయి టేపు పట్టుకుని మీ తలుపు తట్టవచ్చు. తెరవండి, బావి మూత తీసి చూపించండి, ఎంత లోతు రాసిందో అడిగి మీరూ ఒకచోట రాసిపెట్టుకోండి.